ఎనిమిదో ఫొటో

డ్రైవరు సీట్లో ఆడమనిషి ఉంది.

ప్రేమరాజు ఆ ఫొటోని కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. చెయ్యి చాపి దూరంగా పట్టుకున్నాడు. కిటికీ వెలుతురుకి తిప్పి చూశాడు. ఎలా తిప్పినా ఆడమనిషే. బురఖాలాంటి నల్ల అబాయా, తలచుట్టూ నల్ల స్కార్ఫు, స్టీరింగు మీద రెండు చేతులు. కారు ముందద్దం మీద ట్యూబ్‌లైటు కాంతి పడి మొహం ఉండాల్సిన చోట తెల్లటి మరక మాత్రం ఉంది. కారు విషయంలో అలాంటి అనుమానానికి తావులేదు. బూడిదరంగు క్రెసిడా, ఎడమ లైటు కింద సొట్ట, డాష్‌బోర్డు మీద భార్య దయావతి కుట్టి పరిచిన పూలగుడ్డ. నంబరు ప్లేటు అరబ్బీ రానివాడు కూడా చదవగలిగినంత స్పష్టంగా ఉంది.

జెద్దా కోర్టు రెండో అంతస్తు వరండాలో, పిలుపు కోసం కాచుకున్న పాతికమంది మధ్య బెంచీ మీద కూర్చుని, ప్రేమరాజు ఫైలు టక్కున మూసేశాడు. ఆ రోజుల్లో సౌదీలో ఆడవాళ్ళు కారు నడపడం నేరం.

ఇక్కడిదాకా ఎలా వచ్చాడో గుర్తుచేసుకుందాం. ప్రేమరాజు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రే మిషన్లు బాగుచేసే టెక్నీషియను. దయావతి అదే ఆసుపత్రి ఐసీయూలో నర్సు. నరసాపురం నుంచి వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. రెండు నెలల కిందట ఒక కాగితం వచ్చింది. సముద్రం ఒడ్డున షాపింగ్ కాంప్లెక్సు కింద, నెలవారీ పాసులున్నవాళ్ళకి మాత్రమే కేటాయించిన పార్కింగులో అతని కారు పదకొండు శుక్రవారాలు దొంగతనంగా నిలబడిందట. పార్కింగు నడిపే కంపెనీ జరిమానా కోసం దావా వేసింది. కట్టేస్తే అయిపోయేది. దయావతి కట్టేయమంది. పైఅంతస్తులో ఉండే ఇంజినీరు ఉమామహేశ్వరరావు కూడా కట్టేయమన్నాడు, సగం నేనిస్తానన్నాడు. ప్రేమరాజు వినలేదు. వెళ్ళని చోటుకి జరిమానా ఎందుకు కట్టాలి? శుక్రవారాలు పన్నెండు నుంచి తను డ్యూటీలో ఉంటాడు, ఆసుపత్రి బస్సులోనే వెళ్ళొస్తాడు. ముద్రవేసిన హాజరు రిజిస్టరు నకలు పట్టుకొచ్చి, వకీలును పెట్టుకోకుండా తన కేసు తనే వాదించుకున్నాడు. పోయిన వాయిదాలో ఖాజీ రెండు ముక్కల్లో తేల్చాడు: కంపెనీ సాక్ష్యం తేవాలి, తేలేకపోతే ప్రేమరాజు ప్రమాణం చేయాలి, ప్రమాణం చేస్తే దావా చెల్లదు.

ప్రమాణం చేయడానికి ఇవాళ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. కంపెనీ వకీలు సాక్ష్యం తెచ్చాడు. బేస్‌మెంటు స్తంభం మీద కెమెరా ఉందట. పదకొండు ఫొటోలు, ఒక నకలు ప్రేమరాజుకీ ఇచ్చాడు. పదింట్లో కారు ఖాళీగా ఉంది. ఎనిమిదో దానిలో మాత్రం అలా లేదు.

పక్కన కూర్చున్న గౌస్ మొహిద్దీన్ అతని మొహం చూసి దగ్గరికి జరిగాడు. నిజామాబాద్ మనిషి. ఇరవై ఆరేళ్ళుగా జెద్దాలో తెలుగువాళ్ళ కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగడమే అతని వృత్తి. కోర్టులో ప్రేమరాజు మాటని అరబ్బీలో చెప్పే నోరు అతనే.

"ఏమైంది రాజన్నా, ముఖం గట్ల వెట్టినవ్? కారు మనదేనా?"

"మనదే."

"మనదైతే ఏమాయె. పైసలు కట్టి పోదాం. ఖాజీసాబ్ మంచోడు, ఏమనడు."

ప్రేమరాజు ఫైలు కొద్దిగా తెరిచి ఎనిమిదో ఫొటో మీద వేలు పెట్టాడు. గౌస్ కళ్ళజోడు పైకి నెట్టి చూశాడు. చూసినంతసేపు చూసి, ఫైలు తనే మూశాడు.

"కంపెనీ వకీలుకు గిది తెల్వదు," అన్నాడు గొంతు బాగా తగ్గించి. "ఆయన నంబర్ ప్లేటొక్కటే చూసిండు. తెలిస్తే వరండల ఇట్ల నవ్వుకుంట తిరుగడు. రాజన్నా, ఎవరు గామె?"

ప్రేమరాజు ఫైలు చంకలో పెట్టుకుని లేచాడు. ఐదు నిమిషాల్లో వస్తానని మెట్ల దగ్గరికి వెళ్ళాడు.

ఇక్కడ కారు తాళం సంగతి చెప్పాలి. ఆ బిల్డింగులో ఆరు తెలుగు కుటుంబాలున్నాయి. ప్రేమరాజు తలుపు వెనక ఒక మేకు ఉంది. క్రెసిడా తాళం దానికే వేలాడుతుంది. ఎవరికి అవసరమైతే వాళ్ళు తీసుకెళ్తారు, పెట్రోలు పోయించి తెచ్చి తగిలిస్తారు. ఎవరి కాన్పుకైనా, ఎవరి విమానానికైనా ఆ కారే. కారు పేరుకి ప్రేమరాజుది, వాడకానికి అందరిదీ. రాతపూర్వకంగా అధికారం ఇవ్వకుండా కారు ఇంకొకరి చేతికివ్వడం ఆ దేశంలో తప్పని అందరికీ తెలుసు. తెలిసీ ఎవరూ పట్టించుకోలేదు. కాగితం వచ్చిన రోజు అతను మిగతా ఐదిళ్ళలోనూ అడిగాడు. అందరూ మేం కాదన్నారు.

అడగని మనిషి ఒక్కతే. సొంత ఇంట్లో మనిషి. శుక్రవారాలు ఆమెకి సెలవు.

ఆసుపత్రికి ఫోను చేసి ఐసీయూ ఇమ్మన్నాడు. మిషన్ల బీప్‌బీప్‌ల వెనక నుంచి దయావతి గొంతు వినపడింది. అయిపోయిందాండీ అని అడిగింది. ఇంకా పిలవలేదని చెప్పి, శుక్రవారం మధ్యాహ్నాలు కారు మేకు మీదనే ఉండేదా అని అడిగాడు. ఎందుకండీ ఇప్పుడా సంగతి అంది.

"ఫొటోలు వచ్చాయి దయా. ఒకదాన్లో డ్రైవరు సీట్లో ఆడమనిషి ఉంది."

 పద్దెనిమిదేళ్ళలో ఎన్ని చావులు చూసినా చలించని గొంతు చిన్నగా వణికింది.

"ఏవండీ, నన్నిప్పుడేమీ అడక్కండి. డబ్బు కట్టేసి వచ్చేయండి. మీకు దణ్ణం పెడతాను."

ఎవరో పేషెంటుకి ఊపిరి తేడాగా ఉందని వెనక నుంచి అరిచారు. ఫోను కట్టయింది.

ప్రేమరాజు మెట్ల మీద కూర్చుండిపోయాడు. కోపం వస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాడు. రాలేదు. దానికి బదులు లూనా గుర్తొచ్చింది. పెళ్ళికి ముందు దయావతి నరసాపురం మిషన్ ఆసుపత్రికి లూనా మీద వెళ్ళేది. పెళ్ళిచూపుల రోజున కాలవ గట్టు మీద అతని సైకిలుని దాటేసి వెళ్ళింది కూడా, ఎవరో తెలియక. ఇక్కడికొచ్చాక పద్దెనిమిదేళ్ళు పక్క సీట్లో కూర్చుంది. ఆ లారీ వెనకాలే ఎన్నాళ్ళు పోతారండీ, కాస్త ఇండికేటరు వేయండి, గేరు బాధపడుతోంది చూడండి, అంటూ. క్రెసిడాకి గేర్లు వేయనక్కర్లేదని ఎన్నిసార్లు చెప్పినా అదే మాట.

ఫొటో మళ్ళీ కళ్ళముందుకొచ్చింది. రెండు తెల్లగీతల మధ్య కారు నిలబెట్టిన తీరు చూస్తే స్కేలు పెట్టి గీసినట్టుంది. తను ఏనాడూ అంత తిన్నగా పెట్టలేదు. కారు అక్కడిదాకా ఎలా తీసుకెళ్ళేదో గానీ, మనుషులు లేని చోట, నమాజు వేళ చూసుకుని, ఒక్కర్తే వెళ్ళి స్టీరింగు పట్టుకుని కూర్చునేదన్నమాట. అడిగితే తను నవ్వుతాడనుకుందేమో. నవ్వేవాడే. 

తర్వాత భయం వచ్చింది. జరిమానా ఇప్పుడొక లెక్కలోది కాదు. ఖాజీ ఆ ఫొటోని ఒక్కసారి సరిగ్గా చూస్తే, పరాయి దేశపు ఆడమనిషి కారు నడిపిందని కాగితం మీద పడితే, ఆ సాయంత్రానికి దయావతి పోలీసు స్టేషనులో ఉంటుంది. ఆసుపత్రి వారంలో కాంట్రాక్టు చించి విమానం ఎక్కిస్తుంది. పోయినేడాది ఇంకో ఆసుపత్రిలో ఒక కేరళ అమ్మాయికి ఇంతకన్నా చిన్న విషయానికే అలా జరిగింది. ఐసీయూ లేని దయావతిని అతను ఊహించుకోలేకపోయాడు. పేషెంటు పోయిన రోజున ఇంటికొచ్చి అన్నం తినకుండా వాళ్ళ పేరు చెప్పి ప్రార్థన చేసే మనిషి. ఆమెని దొంగలా పంపిస్తారా?

లేచి ప్యాంటు దులుపుకున్నాడు. గౌస్ దగ్గరికి వచ్చి, ప్రమాణం చేయనని, పదకొండు సార్లూ కారు పెట్టింది తనేనని ఒప్పుకుంటానని చెప్పాడు.

"అబద్ధమాడుతవా?"

"ప్రమాణం కాదుగా భాయ్. ఒప్పుకోవడమే. ఒప్పుకుంటే ఫొటోలు ఎవరూ చూడరు."

గౌస్ గడ్డం గోక్కున్నాడు. ఆలోచన బాగానే ఉందన్నాడు. పరేషాన్ గాకుండ, తక్కువ మాట్లాడమన్నాడు.

అప్పుడే ఉమామహేశ్వరరావు మెట్లెక్కి వచ్చాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, చొక్కా చెమటతో వీపుకి అంటుకుపోయింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రెండు వాయిదాలకీ ప్రేమరాజు వెంట వచ్చి, ఒక్కమాట మాట్లాడకుండా వెనకబెంచీలో కూర్చుని వెళ్ళాడు. ఇవాళే ఆలస్యం. కంపెనీవాళ్ళు ఫొటోలు తెచ్చారని కింద విన్నాను, ఏముంది వాటిలో అని అడిగాడు. కారే ఉందని చెప్పాడు ప్రేమరాజు. ఫైలు అడిగితే ఇవ్వలేదు. పెద్దాయన, దయావతిని సొంత చెల్లెలిలా చూసుకునే మనిషి, చూస్తే తట్టుకోలేడనుకున్నాడు. ఉమామహేశ్వరరావు ఇంకేదో చెప్పబోయాడు. ఈలోగా బంట్రోతు ప్రేమరాజు పేరును తనకి వచ్చినట్టు పిలిచాడు.

ఖాజీ గది చిన్నది. ఒక బల్ల, గుమాస్తాకి ఇంకో బల్ల, ఏసీ చప్పుడు. ఖాజీకి అరవై దాటాయి. తెల్లగడ్డం, నిదానమైన చూపు. ఆసుపత్రిలో పనెలా ఉందని అడిగి, తన మోకాలికి తీసిన ఎక్స్‌రే గురించి రెండు ముక్కలు చెప్పి, అప్పుడు విషయంలోకి వచ్చాడు. కంపెనీ వకీలు ఫొటోల కట్ట బల్ల మీద పెట్టి, నంబరు ప్లేటు చదివి కూర్చున్నాడు.

ఇవాళ ప్రమాణానికి సిద్ధమా అని ఖాజీ అడిగాడు. గౌస్ తెలుగులో చెప్పాడు.

"ప్రమాణం అవసరం లేదని చెప్పు భాయ్. పెట్టింది నేనే. పదకొండు సార్లూ. జరిమానా కట్టేస్తాను."

గౌస్ చెప్పాడు. కంపెనీ వకీలు తృప్తిగా కాలు మీద కాలు వేసుకున్నాడు. గుమాస్తా కలం ఎత్తాడు. ఖాజీ చెయ్యి అడ్డంపెట్టి ఆపాడు. తన ముందున్న పాత కాగితాల్లోంచి ఒకటి బయటికి లాగాడు. అది ఆసుపత్రి హాజరు రిజిస్టరు నకలు. ప్రేమరాజు ఎంతో శ్రమపడి సంపాదించి, ముద్రలు వేయించి, కిందటి వాయిదాలో గర్వంగా సమర్పించినది.

ఖాజీ నెమ్మదిగా అడిగిన ప్రశ్న గౌస్ నోట ఇంకా నెమ్మదిగా బయటికొచ్చింది. ఈ కాగితం ప్రకారం పదకొండు శుక్రవారాలూ నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు. పైన డాక్టరు సంతకం ఉంది. ఆసుపత్రి అబద్ధమా, నువ్వు అబద్ధమా?

 మధ్యలో వెళ్ళొచ్చానన్నాడు ప్రేమరాజు. ఎంతసేపు పడుతుందని ఖాజీ అడిగాడు. అరగంటన్నాడు. శుక్రవారం నమాజు వేళ రోడ్లన్నీ ఎంత కిక్కిరిసి ఉంటాయో ఈ ఊళ్ళో నాకు తెలియదా అన్నాడు ఖాజీ. కోపంగా కూడా అనలేదు. మనవడి అబద్ధాన్ని పట్టుకున్న తాతలా అన్నాడు. అని, కళ్ళజోడు పెట్టుకుని ఫొటోలు చేతిలోకి తీసుకున్నాడు.

ఒకటి చూసి పక్కన పెట్టాడు. రెండు. మూడు. ప్రేమరాజు లోపల లెక్కపెడుతున్నాడు. ఆరు. ఏడు. ఖాజీ చెయ్యి ఎనిమిదో దాని దగ్గర ఆగింది. టేబుల్ లైటు దగ్గరకి లాక్కున్నాడు. గుమాస్తాని పిలిచి చూపించాడు. గుమాస్తా కంపెనీ వకీలు వైపు చూశాడు. అతను లేచొచ్చి చూసి, కాలు మీద కాలు వేసుకున్న సుఖమంతా పోయి, నిలబడే ఉండిపోయాడు.

"లోపల ఎవరున్నరని అడుగుతుండు," అన్నాడు గౌస్. తెలుగులో అతని గొంతు ఇంత పొడిగా ఎప్పుడూ లేదు.

 ప్రేమరాజు బుర్రలో మెదిలినదొకటే చెప్పాడు. అది మనిషి కాదు, ఎండకి సీట్లు కాలిపోకుండా కప్పిన నల్లదుప్పటి అన్నాడు. గౌస్ ఒక క్షణం అతని వైపు చూసి, అలాగే చెప్పాడు. ఖాజీ గడ్డంలో చిన్న కదలిక వచ్చింది. బేస్‌మెంటులో ఎండ ఎక్కడిది అన్నాడు. దుప్పటికి చేతులు ఎక్కడివి అన్నాడు.

తరవాత నవ్వు లేదు. నీ ఇంట్లో ఎవరెవరుంటారని అడిగాడు.

"నేనూ, నా భార్యా."

"ఇంకెవరూ లేరా?"

"లేరు."

ఖాజీ చాలాసేపు అతన్నే చూశాడు. జాలి ఉంది ఆ చూపులో. జాలి ఉన్నంతమాత్రాన చేతిలో ఉన్న కాగితాన్ని చింపేసే మనిషిలా లేడు. గుమాస్తాతో ఏదో చెప్పాడు. గుమాస్తా కొత్త కాగితం తీశాడు. గౌస్ ప్రేమరాజు మోచెయ్యి పట్టుకున్నాడు.

"దవఖానకు లెటర్ రాస్తున్నరు అన్నా. చెల్లెను పిలుస్తున్నరు."

ప్రేమరాజు చేతులు జోడించాడు. భాషలన్నీ మర్చిపోయి తెలుగులోనే, ఖాజీ వైపే తిరిగి, తన భార్య పద్దెనిమిదేళ్ళుగా ఈ ఊరివాళ్ళ ప్రాణాలు నిలబెట్టిందని, రంజాను నెలలో నర్సులు తక్కువైతే రెండేసి డ్యూటీలు చేసిందని, శిక్ష ఏదైనా బండి తన పేరు మీద ఉంది కాబట్టి తనకే వేయమని చెప్పుకుపోయాడు. గౌస్ ఎక్కడికక్కడ అందుకుని అరబ్బీలో చెబుతున్నాడు. గుమాస్తా కలం ఆగింది. ఖాజీ వింటున్నాడు.

వెనకబెంచీ కిర్రుమంది.

ఉమామహేశ్వరరావు లేచి నిలబడ్డాడు. కూర్చోమని బంట్రోతు సైగచేశాడు. ఆయన కూర్చోలేదు. ఖాజీ బల్లదాకా నడిచి వచ్చి, అడక్కుండానే ఎనిమిదో ఫొటో చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని చూస్తూ, ఈ గదిలో ఎవరూ ఊహించని విధంగా, చిన్నగా నవ్వాడు. తన పెళ్ళి ఫొటో చూసుకున్నవాడిలా.

"ఎంత బాగా పెట్టిందో చూశావా రాజూ. ఆరోజు నేను వెనక నిలబడి 'రా, రా' అంటున్నాను. అందుకే ఇందులో పడలేదు."

ప్రేమరాజుకి అర్థం కాలేదు. ఉమామహేశ్వరరావు ఖాజీ వైపు తిరిగాడు. సైటు మీద కూలీలతో మాట్లాడే నాలుగు అరబ్బీ ముక్కలే ఆయనకి వచ్చు. వాటి జోలికి పోలేదు.

"అయ్యా, ఆ అమ్మాయిని పిలిపించకండి. ఆమె ఆ సీట్లో కూర్చోనేలేదు. ఆ మేకు మీంచి తాళం తీసింది నేను. పదకొండు శుక్రవారాలూ నేనే. ఆ బేస్‌మెంటు కట్టించింది నేనే, ప్రతి స్తంభమూ తెలుసు. కెమెరా తర్వాత పెట్టారని తెలియలేదు. నా కారు మీద కంపెనీ పేరు బారెడు అక్షరాలతో రాసి ఉంటుంది. అందుకని వీడి కారు తీశాను."

గౌస్ నోరు తెరిచాడు. ఉమామహేశ్వరరావు ఆగమన్నట్టు చెయ్యెత్తాడు.

"పోయినేడాది యాన్బు నుంచి వస్తుంటే నాకు షుగరు పడిపోయింది. నూట ఇరవైలో ఉంది బండి. స్టీరింగు మీదికి వాలిపోయాను. పక్కన మా ఆవిడ సావిత్రి. బ్రేకు ఏదో ఆవిడకి తెలియదు. ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, ఇంకో చేత్తో నా కాలు పట్టుకుని లాగింది. ఇసకలోకి పోయి ఆగాం. ప్రతిసారీ పక్కన ఇసక ఉండదు కదా అనుకున్నాను. జబ్బు సంగతి బయటపడితే ఉద్యోగం పోతుంది. ఆ జబ్బూ ఈ నేర్పడమూ దయావతి ఒక్కదానికే తెలుసు, మొగుడిక్కూడా చెప్పనని మాట తీసుకున్నాను. ఆ మాట కోసం ఆ పిల్ల ఇవాళ ఇంతదాకా తెచ్చుకుంది. సిగ్గుగా ఉంది నాకు."

ఆయన గొంతు సవరించుకున్నాడు.

"పోయిన వాయిదాలో కంపెనీని సాక్ష్యం తెమ్మన్న రోజే చెప్పాల్సింది. చెప్పలేదు. ముందు సావిత్రిని దేశం దాటించాలనుకున్నాను. ఎగ్జిట్ ముద్ర పడటానికి పద్దెనిమిది రోజులు పట్టింది. తెల్లారకముందే ఎవరికీ చెప్పకుండా తీసుకెళ్ళాను. వెళ్ళనని ఏడ్చింది. మీ షుగరు ఎవరు చూస్తారంది. తొమ్మిదింటికి విమానం లేచింది. అది చుక్కంత అయ్యేదాకా చూసి ఇటు వచ్చాను. ఇక నాకు దాచేదేమీ లేదు. చెప్పు గౌస్ భాయ్, ఒక్క ముక్క మింగకుండా ఉన్నదున్నట్టు చెప్పు ఆయనకి. రోడ్డు మీద నడిపింది నేను. కింద బేస్‌మెంటులో నడిపింది నా పెళ్ళాం. నేర్పింది నేను."